బైపోలార్ డిప్రెషన్‌కి తోడు తాగుడు కూడా ఉంటే: ముందు దేనికి వైద్యం, ఏ మందుతో?

వార్డు_డ్యూటీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మద్యం మాన్పించే వార్డుల్లో తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. కింద రాసింది ఏ ఒక్కరి కేసూ కాదు. ఇలా వచ్చేవాళ్ళ వివరాలు కలిపి ఒక నమూనాగా రాశాను.

వయసు 38. గతంలో రెండుసార్లు మానియా (నిద్ర అక్కర్లేనంత అతి హుషారు, ఉద్రేకం ఉండే దశ) వచ్చింది, అందులో ఒకసారి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. కాబట్టి బైపోలార్ 1 (పూర్తిస్థాయి మానియా వచ్చే రకం) అనడంలో సందేహం లేదు. పదేళ్ళకు పైగా తాగుడు, ఆరు నెలలుగా ప్రతిరోజూ. రెండు నెలలుగా మనిషి పూర్తిగా కుంగిపోయాడు. మంచం దిగడు, తిండి మీద ధ్యాస లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, 'నేను లేకపోతేనే ఇంట్లోవాళ్ళు సుఖంగా ఉంటారు' అనే మాట. చివరిసారి తాగింది నిన్న సాయంత్రం. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, నాడి 108.

చీటీలో వాల్‌ప్రోయేట్ (మూడ్ స్టెబిలైజర్, అంటే మూడ్‌ని నిలకడగా ఉంచే మందు) 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు అని ఉంది, సగం రోజులు వేసుకోడు. ఆరు వారాల కింద ఇంకెవరో ఎస్సిటాలోప్రామ్ (యాంటీడిప్రెసెంట్, అంటే డిప్రెషన్ తగ్గించే మందు) 10 మి.గ్రా. మొదలుపెట్టారు, గుణం కనిపించలేదు. కాలేయ ఎంజైములు ఏఎస్‌టీ 142, ఏఎల్‌టీ 61, జీజీటీ 310, ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సైజు) 103, ప్లేట్‌లెట్లు 1,10,000. కాలేయం పనితీరు చెప్పే బిలిరుబిన్ 1.1, ఆల్బుమిన్ 3.9, ఐఎన్ఆర్ 1.1, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9.

తాగుడు మానేశాక నాలుగు వారాలు ఆగి అప్పటికీ డిప్రెషన్ ఉంటేనే వైద్యం మొదలుపెట్టాలని చదువుకున్నాం. బైపోలార్ వాళ్ళకీ అదే వర్తిస్తుందా? ఎస్సిటాలోప్రామ్ ఉంచాలా, తీసేయాలా? డిప్రెషన్‌కి ఏ మందు ఎంచుకోవాలి? తాగాలన్న యావ తగ్గించే మందులు ఎప్పుడు కలపాలి? మీరు పాటించే వరస చెప్తే మేలు.


మనోనిధి

వార్డు_డ్యూటీ గారూ, మీ నాలుగు ప్రశ్నల కన్నా ముందు తేలాల్సింది ఆ నాడి 108. తాగడం ఆపి ఇంకా ఒక రోజు కూడా కాలేదు. ఫిట్స్ వచ్చే కాలం 6 నుంచి 48 గంటలు, డెలీరియం (తికమక, భ్రాంతులతో స్పృహ చెదిరే స్థితి) మామూలుగా 48 నుంచి 96 గంటల మధ్య. మొదటి నాలుగైదు రోజులు డిప్రెషన్‌కి కొత్త మందు ఊసే వద్దు. ఆత్మహత్య ఆలోచనల మీద నిఘా మాత్రం మొదటి గంట నుంచే ఉండాలి.

సీఐడబ్ల్యూఏ-ఏఆర్ (విత్‌డ్రాయల్, అంటే తాగుడు ఆపాక వచ్చే లక్షణాలు, ఎంత తీవ్రంగా ఉందో కొలిచే పద్ధతి) స్కోరు 10 దాటితే, వాటిని దించే డయాజెపామ్ 10 మి.గ్రా. ఇవ్వండి. గంటా రెండు గంటలకోసారి స్కోరు మళ్ళీ చూస్తూ, 10 లోపుకి దిగేదాకా అదే పద్ధతి. గతంలో విత్‌డ్రాయల్ ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే స్కోరు కోసం ఆగకుండా వేళ ప్రకారం ఇవ్వాలి. ఏఎస్‌టీ అంకె చూడగానే చాలామంది అదే జాతికి చెందిన లోరాజెపామ్‌కి మారిపోతారు. ఎంజైములు పెరగడం వేరు, కాలేయం పని తగ్గడం వేరు. మీ నమూనాలో బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్ మూడూ బాగున్నాయి, కాబట్టి డయాజెపామ్ వాడొచ్చు. ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది గనక దానంతట అదే మెల్లగా దిగుతుంది. కామెర్లు, పొట్టలో నీరు, ఐఎన్ఆర్ పెరగడం లాంటివి ఉంటే అప్పుడు లోరాజెపామ్ 1 నుంచి 2 మి.గ్రా.

బైపోలార్ రోగుల్లో ఈ స్కోరు ఒక్కోసారి మోసం చేస్తుంది. ఆందోళన, కుదురులేకపోవడం, తలనొప్పి లాంటి అంశాలు డిప్రెషన్ వల్ల కూడా పెరుగుతాయి. మొత్తం అంకె ఒక్కటే చూసి మందు పోస్తే మనిషి మత్తులో పడి ఉంటాడు, స్కోరు దిగదు. వణుకు, చెమట, నాడి, రక్తపోటు, ఈ నాలుగింటి మీద ఎక్కువ ఆధారపడండి. మూడో రోజు మనిషి నిద్రపోకుండా గదంతా తిరుగుతుంటే మిక్స్‌డ్ ఎపిసోడ్ (మానియా, డిప్రెషన్ కలిసిన దశ) అని రాసేసే ముందు కూడా ఇవే చూడాలి. చెమట, వణుకు, నాడి వేగం, గంట గంటకీ మారే స్పృహ ఉంటే అది విత్‌డ్రాయల్. ఒంట్లో వణుకు లేదు, స్పృహ తేటగా ఉంది, మాట మాత్రం ఆగకుండా పరుగెడుతోంది, రెండు గంటలు పడుకుని అలసట లేదంటున్నాడు అంటే మానియా వైపు ఆలోచించాలి.

గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్ (విటమిన్ బి1) పడాలి. ఏ లక్షణాలూ లేకపోతే 250 మి.గ్రా. ఇంజెక్షన్ రోజుకొకసారి, 3 నుంచి 5 రోజులు. కళ్ళు నిలకడగా తిరగకపోవడం, నడక తూలడం, తికమక, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా వెర్నికే (థయమిన్ లోపంతో మెదడు దెబ్బతినడం) అనుకుని 500 మి.గ్రా. సిరలోకి రోజుకు మూడుసార్లు, కనీసం మూడు రోజులు. మూడు లక్షణాలూ కలిసి వచ్చేదాకా ఆగితే చాలామంది చేజారిపోతారు. మెగ్నీషియం తక్కువుంటే థయమిన్ ఇచ్చినా సరిగా పనిచేయదు, అదీ సరిచేయండి.

ఇక నాలుగు వారాల నియమం. దాని వెనకున్న ప్రధాన ఆధారాల్లో ఒకటి 1988 నాటి బ్రౌన్, షుకిట్ అధ్యయనం. ఆసుపత్రిలో చేరినప్పుడు 42 శాతం మందిలో గణనీయంగా ఉన్న డిప్రెషన్ నాలుగో వారానికి 6 శాతం మందిలోనే మిగిలింది. ఆ ఫలితం నిజమే. కానీ వాళ్ళు మొదటి నుంచీ మద్యం సమస్య ఒక్కటే ప్రధానంగా ఉన్న మగవాళ్ళు. రెండుసార్లు మానియా వచ్చిన మనిషి ఆ గుంపులోకి రాడు. అతనికి ఈ కుంగుబాటు మద్యం వల్ల వచ్చిందా, బైపోలార్ వల్లా అని నెల రోజులు ఎదురుచూస్తే, ఆ నెలలోనే మళ్ళీ తాగుడు మొదలవుతుంది, లేదా అంతకన్నా ఘోరం జరుగుతుంది.

ఆగడానికి బదులు కాలరేఖ గీయండి. కాగితం మీద ఒక గీత, పైన మూడ్ ఎపిసోడ్లు, కింద తాగిన కాలాలు. అడగాల్సిన అసలు ప్రశ్న, 'తాగకుండా ఎక్కువ కాలం ఉన్నది ఎప్పుడు, ఆ నెలల్లో మనసు ఎలా ఉండేది?' మానేసిన కాలంలోనూ డిప్రెషన్ వచ్చి ఉంటే, లేదా తాగుడు మొదలవక ముందే వచ్చి ఉంటే, విత్‌డ్రాయల్ దిగగానే వైద్యం మొదలుపెట్టాలి. కాలరేఖ ఎటూ తేల్చకపోతే 7 నుంచి 10 రోజులు చూడటం సబబే. ఆత్మహత్య ఆలోచనలు, తిండి మానేయడం, భ్రమలు ఉంటే ఆ పది రోజులు కూడా వద్దు.

ఎస్సిటాలోప్రామ్ తీసేయండి. 5 మి.గ్రా. ఒక వారం, తర్వాత ఆపండి. బైపోలార్ 1లో యాంటీడిప్రెసెంట్‌ని ఒంటరిగా వాడొద్దని 2013లో ఐఎస్‌బీడీ (అంతర్జాతీయ బైపోలార్ సంఘం) నిపుణుల బృందం స్పష్టంగా చెప్పింది. ఇక్కడ వాల్‌ప్రోయేట్ కాగితం మీదే ఉంది గనక ఆచరణలో ఇది ఒంటరి మందే. మూడ్ స్టెబిలైజర్‌కి జతగా ఇచ్చినా పెద్ద లాభం లేదు. 2007లో వచ్చిన స్టెప్-బీడీ (అమెరికాలో జరిగిన పెద్ద బైపోలార్ అధ్యయనం) ఫలితాల్లో నిలకడగా కోలుకున్నవాళ్ళు యాంటీడిప్రెసెంట్ జత చేసినప్పుడు 23.5 శాతం, డమ్మీ మాత్ర జత చేసినప్పుడు 27.3 శాతం. పైగా ప్లేట్‌లెట్లు తక్కువున్న తాగుబోతు రోగిలో ఈ జాతి మందులు రక్తస్రావం ముప్పు, సోడియం పడిపోయే ముప్పు పెంచుతాయి. బుప్రోపియాన్ గురించి ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మద్యం ఒక్కసారిగా ఆపుతున్న మనిషికి ఫిట్స్ భయం వల్ల అది నిషిద్ధం.


మోతాదు_లెక్క (క్లినికల్ ఫార్మసీ)

మనోనిధి సర్ చెప్పిన వరసతో ఏకీభవిస్తున్నాను. మందు ఎంపిక గురించి రాస్తాను.

ఈ రోగులకు మందు ఎంచుకునేటప్పుడు 'ఏది బాగా పనిచేస్తుంది' అన్నది సగం ప్రశ్నే. 'ఈ మనిషి తాగిన రోజు, నాలుగు రోజులు మాత్ర మానేసిన వారం, ఈ మందు ఏం చేస్తుంది' అన్నది మిగతా సగం. మళ్ళీ తాగే అవకాశం ఎక్కువని తెలిసే రాస్తున్నాం కాబట్టి చీటీ ఆ రోజునీ తట్టుకోవాలి.

క్వెటియాపిన్: బైపోలార్ డిప్రెషన్‌లో ఆధారం గట్టిది. రాత్రిపూట 50, 100, 200, 300 మి.గ్రా. చొప్పున నాలుగు రోజుల్లో 300కి తేవడం మామూలు పద్ధతి. 600 వేసినా 300 కన్నా అదనపు లాభం రాలేదు, కాబట్టి అక్కడ ఆగండి. కాలేయం పనితీరు దెబ్బతిని ఉంటే 25తో మొదలుపెట్టి రోజుకు 25 నుంచి 50 చొప్పున పెంచాలి. డయాజెపామ్ ఇంకా ఒంట్లో ఉన్న రోజుల్లో మొదలుపెడితే రెండు మత్తులూ కలుస్తాయి. విత్‌డ్రాయల్ దిగాక, పడుకున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ చూసి, ఒక ఈసీజీ తీసి మొదలుపెట్టండి. తాగిన రాత్రి ఇదే దీని బలహీనత: అతి మత్తు, బీపీ పడిపోవడం, కింద పడటం.

లూరాసిడోన్: 20తో మొదలు, 20 నుంచి 120 మి.గ్రా. మధ్య. బరువు, కొవ్వు పెద్దగా పెరగవు, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళకి అది మంచి సంగతి. కానీ కనీసం 350 కేలరీల భోజనంతో వేసుకోకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు. రాత్రి తిండి మానేసి తాగే మనిషికి ఇది రాసి, 'మందు పనిచేయలేదు' అనుకోవడం జరుగుతుంటుంది. రాస్తే పొద్దున ఫలహారంతో వేసుకోమనండి. కాలేయం పని ఓ మోస్తరుగా దెబ్బతింటే 80, తీవ్రంగా దెబ్బతింటే 40 మి.గ్రా. దాటకూడదు.

కారిప్రజిన్: 1.5 మి.గ్రా., అవసరమైతే 3. దీని క్రియాశీల మెటబొలైట్ (ఒంట్లో మారాక కూడా పనిచేసే రూపం) వారాల తరబడి ఒంట్లో ఉంటుంది. రెండు మూడు రోజులు మాత్ర మానేసినా రక్తంలో మందు మట్టం ఒక్కసారిగా కూలదు. మందు తరచూ మరిచేవాళ్ళకి అది అనుకూలం. అదే కారణంగా కాళ్ళు నిలవనీయని అకతీసియా మూడు నాలుగు వారాల తర్వాత కూడా బయటపడొచ్చు, మందు ఆపినా వెంటనే పోదు. ఆ అశాంతి తట్టుకోలేక మళ్ళీ తాగే ప్రమాదం ఉంది, కాబట్టి ప్రతి భేటీలో 'కాసేపు కదలకుండా కూర్చోగలుగుతున్నారా' అని అడిగి తీరాలి.

లామోట్రిజిన్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే బరువు పెంచదు, మత్తు ఇవ్వదు అని అందరికీ మొదట ఇదే తోస్తుంది. మామూలుగా 25 మి.గ్రా. రెండు వారాలు, 50 రెండు వారాలు, 100 ఒక వారం, ఆపై 200. మీ నమూనాలో వాల్‌ప్రోయేట్ ఉంది. అది లామోట్రిజిన్ మట్టాన్ని సుమారు రెట్టింపు చేస్తుంది. అప్పుడు రోజు విడిచి రోజు 25 రెండు వారాలు, రోజూ 25 రెండు వారాలు, 50 ఒక వారం, ఆపై 100. ఈ తేడా చూసుకోకుండా మామూలు పట్టిక రాసేస్తే ప్రాణాంతకమైన చర్మపు రియాక్షన్ల ముప్పు పెరుగుతుంది. వరసగా ఐదు రోజులకు మించి మానేస్తే పాత మోతాదు వేసుకోకూడదు, మళ్ళీ మొదటి మెట్టు నుంచి రావాలి. వాల్‌ప్రోయేట్ తోడున్నప్పుడు మందు ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది గాని, రోగికీ ఇంట్లోవాళ్ళకీ ఐదు రోజుల లెక్క చెప్పడమే క్షేమం. వారం రోజులు తాగి, పడిలేచి, భయంతో ఒకేసారి 200 వేసుకునే మనిషి గురించి ఆలోచించండి. మందులు నిలకడగా వేసుకుంటున్నాడని తేలాకే దీన్ని మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

వాల్‌ప్రోయేట్: మీ రోగి ప్లేట్‌లెట్లు 1,10,000. తప్పు మద్యానిదా, వాల్‌ప్రోయేట్‌దా? సగం రోజులు వేసుకోనివాడిలో మద్యమే అయ్యుండాలి. తాగుడు ఆపాక 7 నుంచి 10 రోజుల్లో మళ్ళీ చూడండి. మద్యం వల్ల తగ్గినవి ఆపాటికి పైకి లేస్తాయి, వాల్‌ప్రోయేట్ వల్లయితే అక్కడే ఉంటాయి లేదా ఇంకా పడతాయి. మట్టం చూడాలంటే పొద్దుటి మోతాదుకు ముందు రక్తం తీయాలి. రోగి మందకొడిగా, తికమకగా ఉంటే అమ్మోనియా చూడండి. కాలేయ పరీక్షలు బాగున్నా వాల్‌ప్రోయేట్ వల్ల అమ్మోనియా పెరగొచ్చు, దాన్ని 'డిప్రెషన్ ముదిరింది' అని పొరబడటం తేలిక. రోగి గర్భం దాల్చే వయసులోని స్త్రీ అయితే ఈ మందు ఆలోచనే పక్కన పెట్టాలి.

కార్బమజెపిన్ ఇప్పటికే ఉంటే క్వెటియాపిన్ మట్టం బాగా పడిపోతుంది, లూరాసిడోన్‌తో కలపనే కూడదు. జీజీటీని కూడా అదే పెంచుతుంది, కాబట్టి ఆ రోగిలో జీజీటీ చూసి తాగుతున్నాడని నింద వేయకండి.


తెల్లకోటు

రెండు సమాధానాలూ బాగున్నాయి. ఒక్క విషయంలో నాకు భేదాభిప్రాయం ఉంది: లిథియం పేరు ఎవరూ ఎత్తలేదు.

తాగేవాళ్ళకి లిథియం ప్రమాదమన్న మాట నిజమే. వాంతులు, విరేచనాలు, తిండీ నీళ్ళూ లేకపోవడం, వీటన్నిటితో మట్టం ఎగబాకుతుంది. తలనొప్పికని ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కలిస్తే ఇంకా పెరుగుతుంది. తూలడం, మాట ముద్దగా రావడం, వణుకు, ఇవి మద్యం మత్తులోనూ ఉంటాయి, లిథియం విషమించినప్పుడూ ఉంటాయి. 'తాగొచ్చాడులే' అని పడుకోబెడితే ప్రాణం మీదికొస్తుంది. అయినా బైపోలార్‌లో ఆత్మహత్యల్ని తగ్గిస్తుందన్న ఆధారం దీనికున్నంతగా మరో మూడ్ స్టెబిలైజర్‌కి లేదు. ఈ రోగుల్లో అసలు భయమే అది. వార్డులో ఉండగా, మందులు చేతికిచ్చే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు, కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం చూసుకుని, 12 గంటల మట్టం 0.6 నుంచి 0.8 మధ్య ఉంచుతూ వాడొచ్చు. ఒంటరిగా ఉంటూ రోజూ తాగేవాడికైతే నేనూ రాయను. మోతాదు మించితే మందే ప్రాణం తీస్తుంది. ఇక్కడ మందు కన్నా ముందు ఇంటి పరిస్థితి తెలుసుకోవాలి.

ఇప్పుడు తాగాలన్న యావ గురించి. క్వెటియాపిన్‌తో మూడ్ బాగుపడితే తాగుడూ తగ్గుతుందని చాలామంది ఆశిస్తారు. బైపోలార్, మద్యం రెండూ ఉన్నవాళ్ళలోనే దాన్ని పరీక్షించారు, 2008, 2010, 2014ల్లో ఫలితాలు వచ్చాయి. మూడింటిలోనూ డమ్మీ మాత్ర కన్నా తాగుడు తగ్గలేదు. అంటే మూడ్ మందు మూడ్‌కే. తాగుడికి విడిగా మందు రాయాలి, 'ముందు మూడ్ తేలనీ' అని వాయిదా వేయొద్దు. దీనికి ఒక మినహాయింపు వాల్‌ప్రోయేట్. 2005లో సలూమ్ బృందం చేసిన 24 వారాల పరీక్షలో లిథియం ఉన్న రోగులకు దీన్ని జత చేస్తే విపరీతంగా తాగే రోజులు తగ్గాయి. 59 మందితో చేసిన చిన్న పరీక్షే, అయినా మీ రోగికి వాల్‌ప్రోయేట్‌ని తొందరపడి తీసేయకుండా ప్లేట్‌లెట్లు చూసేదాకా ఆగడానికి అది చాలు.

యావ తగ్గించే నాల్‌ట్రెక్సోన్‌ని, కాలేయ ఎంజైములు సాధారణ పరిమితికి మూడు నుంచి ఐదు రెట్లు దాటినప్పుడు మొదలుపెట్టం. ఈ రోగిలో ఏఎల్‌టీ ఫర్వాలేదు, ఏఎస్‌టీ అంచున ఉంది. వారం తాగకపోతే అది దిగుతుంది. మళ్ళీ పరీక్ష చేసి 25 మి.గ్రా. మూడు రోజులు, తర్వాత రోజుకు 50. వికారం లేకుండా ఉండాలంటే తిన్నాక వేసుకోవాలి. నొప్పికి ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లు వాడుతున్నాడేమో అడగడం మరిచిపోకండి, అవి ఆపి 7 నుంచి 10 రోజులు కావాలి. మాత్రలు మరిచేవాళ్ళకు నెలకొకసారి 380 మి.గ్రా. ఇంజెక్షన్ ఉంది. ఈ రోగుల విషయంలో దాన్ని మొదటే ఆలోచించాలి.

అదే పనికి వాడే అకాంప్రోసేట్‌కి కాలేయంతో పనిలేదు, కిడ్నీలు బాగుంటే విత్‌డ్రాయల్ దిగగానే మొదలుపెట్టొచ్చు. 333 మి.గ్రా. మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీల పనితీరు కొలత) 30 నుంచి 50 మధ్య ఉంటే ఒక్కొక్కటే మూడుసార్లు, 30 లోపుంటే వద్దు. చిక్కల్లా రోజుకు ఆరు మాత్రలు మింగడమే. మంచం దిగని మనిషి మధ్యాహ్నం మోతాదు తప్పకుండా మరిచిపోతాడు.

డైసల్ఫిరామ్ (దాని మీద తాగితే ఒంట్లో తీవ్రమైన రియాక్షన్ తెచ్చే మందు) విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది: బైపోలార్ 1లో, అందునా ఆత్మహత్య ఆలోచనలు ఉన్నప్పుడు, రాయొద్దు. సైకోసిస్, మానియా రేపగలదు. ఆవేశంలో దానిమీదే తాగే మనిషికి ఆ రియాక్షన్ ప్రాణాంతకం. రోగికి తెలియకుండా కాఫీలోనో మజ్జిగలోనో కలిపి ఇమ్మని ఇంటివాళ్ళకి చెప్పేవాళ్ళూ ఉన్నారు. అది నేరంతో సమానం.

నిద్ర పట్టడం లేదని డయాజెపామో జోల్పిడెమో ఇచ్చి ఇంటికి పంపొద్దు. విత్‌డ్రాయల్ కోసం ఇచ్చింది ఐదు నుంచి ఏడు రోజుల్లో పూర్తిగా ఆగాలి.


మాటమందు (క్లినికల్ సైకాలజీ)

మందుల సంగతి మీరంతా చెప్పారు. మాటలతో చేసే వైద్యంలో రెండు జబ్బులకీ రెండు చోట్ల, ఇద్దరు కౌన్సెలర్లు అన్న పద్ధతి ఈ రోగులకు నప్పదు. రోజర్ వైస్ రూపొందించిన ఇంటిగ్రేటెడ్ గ్రూప్ థెరపీ రెండింటినీ ఒకే జబ్బుగా చూస్తుంది. మొదట 20 వారాల పద్ధతి, తర్వాత 12 వారాలకు కుదించారు. 2007లో 62 మందితో చేసిన పరీక్షలో మామూలు గ్రూపు కౌన్సెలింగ్ కన్నా మత్తు వాడిన రోజులు తగ్గాయి. మూడ్ లక్షణాలు మాత్రం ఆ కారణంగా తగ్గలేదు. కాబట్టి థెరపీ సాగుతోంది కదా అని మందు మోతాదు విషయంలో అలసత్వం వద్దు.

దాని మూలసూత్రం ఒకే వాక్యం: ఏం జరిగినా తాగొద్దు, మత్తు వాడొద్దు, మందు మాత్రం చెప్పినట్టు వేసుకో. దీన్ని రోగి నోట ప్రతి భేటీలో అనిపిస్తాం. ఎందుకంటే డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు తరచూ మూడు మాటలు అంటారు: 'బాధగా ఉంది కాబట్టి తాగాను', 'తాగాను కాబట్టి మందు వేసుకోలేదు', 'ఎలాగూ చెడిపోయాను కాబట్టి ఇక దేనికి'. ఈ గొలుసులో తేలిగ్గా తెగేది మధ్య కొక్కెం. ముందు అక్కడ పని చేయండి.

రోజువారీ పట్టిక ఒక్క పేజీ దాటకూడదు. లేచిన వేళ, నిద్ర గంటలు, మూడ్ (మైనస్ 5 నుంచి ప్లస్ 5), తాగింది ఎంత, మాత్రలు వేసుకున్నాడా. ఐదు గడులు చాలు. రెండు వారాలకే నమూనా కనిపిస్తుంది. తాగిన మర్నాటి నుంచి రెండు మూడు రోజులు మూడ్ అంకె పడిపోవడం రోగి తన చేత్తో రాసుకున్న కాగితంలో చూస్తే, మనం గంటసేపు చెప్పినదానికన్నా అది ఎక్కువ నాటుతుంది. నిద్ర అకస్మాత్తుగా నాలుగు గంటలకు పడి, మూడ్ ప్లస్ వైపు ఎగిసి, 'ఎంతో హుషారుగా ఉంది' అని రాస్తే అది కోలుకోవడం కాకపోవచ్చు. అదే రోజు వైద్యుడికి చూపించాలి.

పనుల ప్రణాళిక వేసేటప్పుడు మొదట నింపాల్సింది రోజూ తాగడం మొదలుపెట్టే గంట. ఆ గంటలో ఒంటరిగా ఉండే పని ఏదీ పెట్టకండి.

ఆత్మహత్య గురించి సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. తాగినప్పుడు ఏమనిపిస్తుందో విడిగా అడగాలి. తాగనప్పుడు 'అలాంటిదేమీ లేదండి' అన్న మనిషే తాగినప్పుడు వేరుగా ఉంటాడు. ఇంటికి పంపేటప్పుడు ఏడు రోజులకు మించి మందులు చేతికివ్వకండి, పాత మందుల పెట్టె, పురుగుమందులు లాంటివి ఇంట్లోంచి తీయించండి.


వార్డు_డ్యూటీ

అందరికీ ధన్యవాదాలు. ఇంటికి పంపేటప్పుడు కుటుంబం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది: 'తాగొస్తే ఆ రాత్రి మందులు ఇవ్వాలా, వద్దా?' 'తాగితే మందు వేసుకోవద్దు' అని మేం మొత్తంగా ఒకే మాట చెప్పేస్తుంటాం. మాటమందు గారు చెప్పిన మధ్య కొక్కెం మేమే తయారు చేస్తున్నామేమో అనిపిస్తోంది.


మోతాదు_లెక్క

నిజమే, ఆ ఒక్క మాట వల్ల చాలామంది మూడ్ మందులు వారాల తరబడి ఆపేస్తారు. మందు మందుకీ విడిగా రాసివ్వాలి.

నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్: తాగినా ఆపొద్దు. తాగుతున్న రోజుల్లోనే వాటి అవసరం ఎక్కువ. లామోట్రిజిన్, కారిప్రజిన్, వాల్‌ప్రోయేట్: స్పృహలో ఉండి, మింగగలిగితే ఇవ్వండి. లూరాసిడోన్ అయితే మర్నాడు పొద్దున ఫలహారంతో మామూలుగానే. క్వెటియాపిన్: తూలుతూ, మత్తుగా ఉంటే ఆ రాత్రి మోతాదు వదిలేయండి, మర్నాడు రాత్రి మామూలు మోతాదే ఇవ్వండి, రెండూ కలిపి ఇవ్వకండి. వరసగా చాలా రోజులు మానేస్తే మళ్ళీ 50 నుంచి మొదలు. లిథియం: వాంతులు, విరేచనాలు ఉంటే, తిండీ నీళ్ళూ తీసుకోకపోతే ఆ మోతాదు ఆపి, నీళ్ళు తాగించి, అదే రోజు మట్టం చూపించాలి. మద్యం వాసన లేకుండా తూలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, వాసన ఉండి కూడా ఎప్పటికన్నా ఎక్కువ తూలుతున్నా వెంటనే ఆసుపత్రికి.

వెల్లకిలా పడి గురక పెడుతూ, పిలిస్తే పలకకపోతే మందుల లెక్క మొత్తం పక్కన పెట్టి పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సు పిలవాలి. ఈ కాగితం మీద రోగి వేసుకునే మందులే ఉంచండి, మిగతావి కొట్టేయండి. ఇన్ని మందుల జాబితా ఇస్తే అర్ధరాత్రి ఎవరూ చదవరు.


మనోనిధి

దీనికి ఒకటి జోడిస్తాను. మూడు నాలుగు రోజులు వరసగా తాగి ఒక్కసారిగా ఆపితే మళ్ళీ విత్‌డ్రాయల్ వస్తుందని, 'మానేశాడు కదా' అని సంతోషించి ఇంట్లో ఉంచేయొద్దని కుటుంబానికి చెప్పండి. వణుకు, చెమటలు, గతంలో ఫిట్స్, ఈ మూడింట్లో ఏది ఉన్నా ఆ మొదటి రోజే తీసుకురావాలి.

తర్వాతి భేటీలు ఒకటో వారం, రెండో వారం, నాలుగో వారం. ప్రతిసారీ బరువు, బీపీ, పట్టిక, ఆత్మహత్య ప్రశ్న. నాలుగో వారానికి కాలేయ పరీక్షలు, ప్లేట్‌లెట్లు, షుగరు, కొవ్వులు. రక్తంలో పీఈటీహెచ్ పరీక్ష దొరికితే గత రెండు నుంచి నాలుగు వారాల తాగుడు తెలుస్తుంది, జీజీటీ కన్నా నిక్కచ్చిగా. క్వెటియాపిన్ 300 మీద నిలకడగా నాలుగు నుంచి ఆరు వారాలు ఉండి, పీఈటీహెచ్ కూడా శుభ్రంగా ఉండి, అయినా డిప్రెషన్ కదలకపోతేనే 'మందు విఫలమైంది' అని రాయండి. తిండి పూర్తిగా మానేసినా, ఆత్మహత్య ప్రయత్నం జరిగినా ఆ ఆరు వారాలు ఆగకుండా ఈసీటీ (మత్తిచ్చి, కరెంటుతో కొద్దిసేపు ఫిట్ తెప్పించే వైద్యం) గురించి మాట్లాడాలి. అప్పుడు వాల్‌ప్రోయేట్ మోతాదు తగ్గించాల్సి రావొచ్చు, ఫిట్ సరిగా రాకుండా అది అడ్డుపడుతుంది.